ఆకు రాల్చడం వేరు, ఎండిపోవడం వేరు

బరంపురంలో ముప్పై రెండేళ్ళు హైస్కూలు పిల్లలకు సైన్సు చెప్పి రిటైరైనవాణ్ణి. ఏటా దసరా సెలవులు అయిపోగానే ప్రపంచంలోని అడవుల పాఠం వచ్చేది. అందులో సమశీతోష్ణ మండలపు ఆకురాలు అడవుల గురించి ఒకే ఒక్క పేరా ఉండేది. అక్కడ నాలుగు ఋతువులు ఉంటాయని, చలికాలంలో చెట్లు ఆకులు రాలుస్తాయని, ఓక్, మేపుల్, బీచ్ అనేవి ముఖ్యమైన చెట్లని, ఎలుగుబంట్లు, జింకలు, ఉడుతలు ఉంటాయని చెప్పి ముగించేవాణ్ణి. పరీక్షలో దానికి రెండు మార్కులు. ఓక్ చెట్టు ఎలా ఉంటుందని ఏ పిల్లవాడైనా అడిగితే గోడమీది చార్టు చూపించడమే. చూసినవాడు క్లాసులో ఎవడూ లేడు, మాస్టారితో సహా.

ఆ పేరాను కళ్ళతో చూసే యోగం 2023 అక్టోబరులో కలిగింది. మా అమ్మాయి, అల్లుడు అమెరికాలో టెనెసీ రాష్ట్రంలోని నాక్స్‌విల్‌లో ఉంటారు. మనవడికి ఎనిమిదేళ్ళు. "ఆకులు రంగు మారే సమయానికి రండి నాన్నగారూ, మీ పాఠమంతా ఇక్కడ కళ్ళముందు ఉంటుంది" అని అమ్మాయి రెండేళ్ళుగా పిలుస్తోంది. సరేనని బయలుదేరాం.

ప్రయాణంలో జరిగిన ఒక సంగతి ముందుగా చెప్పాలి. మా ఆవిడ పెరటి చెట్టునుంచి రెండు గుప్పెళ్ళ కరివేపాకు కోసి తడిగుడ్డలో చుట్టింది. దానితోపాటు చెట్టు మొదట్లో మొలిచిన చిన్న పిలకను మట్టితో సహా తీసి, ప్లాస్టిక్ కాగితంలో పెట్టింది. "అమ్మాయి కుండీలో నాటుకుంటుంది, మన ఇంటి మొక్క దాని ఇంట్లో ఉంటుంది" అని ఆవిడ ఆశ. అక్కడ విమానాశ్రయంలో అధికారి ఏమైనా మొక్కలు తెచ్చారా అని అడిగాడు. దాచకుండా చెప్పాం కాబట్టి జరిమానా తప్పింది గానీ, ఆకూ మొక్కా రెండూ తీసుకుని చెత్తడబ్బాలో వేశాడు. మా ఆవిడ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నాకు కోపం వచ్చింది. గుప్పెడు కరివేపాకుకు ఇంత రాద్ధాంతమా అని ఇల్లు చేరేదాకా సణుగుతూనే ఉన్నాను. ఆ సణుగుడు ఎంత తెలివితక్కువదో నాకు అడవే నేర్పింది.

నాలుగు ఋతువుల అడవి

నాక్స్‌విల్ నుంచి కారులో సుమారు గంట ప్రయాణం చేస్తే గ్రేట్ స్మోకీ మౌంటెన్స్ జాతీయోద్యానం వస్తుంది. టెనెసీ, నార్త్ కరోలినా రాష్ట్రాల సరిహద్దు వెంట సుమారు 2,100 చదరపు కిలోమీటర్ల మేర పరుచుకున్న కొండలు, అడవులు. మన భాషలో పొగ కొండలు అనుకోవచ్చు. ఉదయం చూస్తే వరుస వెనుక వరుసగా కొండలు, వాటి మధ్య నీలంగా పలచని పొగ. అది నిప్పు పొగ కాదు. కోట్లాది చెట్ల ఆకులు వదిలే నీటి ఆవిరి, వాటినుంచి వెలువడే సుగంధ వాయువులు కలిసి అలా కనిపిస్తాయి.

ఇటువంటి అడవులు ప్రపంచంలో ముఖ్యంగా మూడుచోట్ల ఉన్నాయి. ఉత్తర అమెరికా తూర్పు భాగంలో, ఐరోపాలో, చైనా, కొరియా, జపాన్ దేశాల్లో. వేసవి మరీ మండదు, చలికాలంలో మాత్రం నీళ్ళు గడ్డకడతాయి. వాన మనకులాగా నాలుగు నెలల్లో కురిసిపోకుండా సంవత్సరం పొడుగునా పంచుకుని పడుతుంది. స్మోకీ కొండల లోయల్లో ఏటా సుమారు 55 అంగుళాలు, శిఖరాల మీద 85 అంగుళాల దాకా వర్షపాతం ఉంటుంది.

ఈ ఉద్యానంలో అన్నిటికంటే దిగువ ప్రదేశం 875 అడుగుల ఎత్తులో ఉంది. అన్నిటికంటే ఎత్తైన శిఖరం 6,643 అడుగులు. చాలాకాలం దాన్ని క్లింగ్‌మన్స్ డోమ్ అన్నారు. అక్కడి ఆదివాసులైన చెరోకీ ప్రజలు కోరగా 2024లో దాని పాత పేరు కువోహీ తిరిగి వచ్చింది. ఈ ఎత్తుల తేడావల్ల వసంతం లోయల్లో మొదలై నెమ్మదిగా కొండ ఎక్కుతుంది. శరత్తు శిఖరం మీద మొదలై కొన్ని వారాల్లో కిందికి దిగుతుంది. మేము వెళ్ళిననాడు రంగులు కొండ నడుముదాకా దిగి ఉన్నాయి. పైన మోడులైన కొమ్మలు, నడుమ ఎరుపు, పసుపు, నారింజ, కింద ఇంకా పచ్చదనం. ఒకే కొండమీద మూడు నెలలు కనిపించాయి.

మా మనవడు అడిగిన మొదటి ప్రశ్న, "తాతయ్యా, ఆకులు ఎందుకు రాలుతాయి?" ముప్పై రెండేళ్ళ అనుభవం ఉన్నవాణ్ణి గదా, ఉత్సాహంగా మొదలుపెట్టాను.

మన నల్లమలలోనూ, మా ఊరికి దగ్గరలోని మహేంద్రగిరి వాలుల్లోనూ ఆకురాలు చెట్లున్నాయి. మన టేకు మాఘ, ఫాల్గుణ మాసాల్లో ఆకులు రాలుస్తుంది. అక్కడి మేపుల్ కార్తీకంలో రాలుస్తుంది. నెలలు వేరైనా రెంటికీ ముఖ్య కారణం నీటి కరువే. మన నేలలో ఎండవల్ల నీరు ఉండదు. అక్కడి నేలలో నీరున్నా మంచుగడ్డై వేళ్ళకు అందదు. వెడల్పాటి ఆకు నిత్యం నీటిని ఆవిరిగా వదులుతూనే ఉంటుంది. రాబడి లేనప్పుడు ఖర్చు తగ్గించుకునే సంసారిలాగా చెట్టు ఆకును వదులుకుంటుంది. పైగా ఆకులన్నీ ఉంటే వాటిమీద మంచు పేరుకుని, ఆ బరువుకు కొమ్మలు విరుగుతాయి.

ఊరికే వదిలెయ్యదు కూడా. పగలు తగ్గి, రాత్రులు చల్లబడగానే ఆకులోని పత్రహరితాన్ని విడగొట్టి, అందులోని నత్రజని వంటి విలువైన పదార్థాలను కొమ్మల్లోకి, కాండంలోకి వెనక్కి తీసుకుంటుంది. పచ్చదనం పోగానే అంతవరకూ దాని చాటున ఉన్న పసుపు బయటపడుతుంది. ఎరుపు మాత్రం ముందునుంచీ ఉన్నది కాదు. ఆకులో మిగిలిన చక్కెరనుంచి ఆ రోజుల్లోనే కొత్తగా తయారవుతుంది. చివరికి కాడ మొదట్లో సన్నని బెండు పొర ఏర్పడి, గాలి తగలగానే ఆకు రాలుతుంది. రాలిన ఆకు నేలమీద కుళ్ళి ఎరువై మళ్ళీ వేళ్ళకే చేరుతుంది. మార్చి, ఏప్రిల్ నెలల్లో పైన ఆకులు కమ్ముకోకముందే ఆ ఎరువులోంచి ట్రిలియం వంటి చిన్న చిన్న అడవి పూలు లేచి, నాలుగు వారాల ఎండను వాడుకుని, నీడ పడేసరికి తమ పని ముగించుకుంటాయి.

"అంటే చెట్టు చచ్చిపోలేదు, నిద్రపోతోందన్నమాట" అన్నాడు వాడు. భేష్ అన్నాను.

కొంత దూరం పోయాక, కొండవాగు పక్కన బూడిదరంగులో నిలబడ్డ పెద్ద పెద్ద మోళ్ళు కనిపించాయి. చుట్టూ రంగుల చెట్లు, నడుమ ఎముకల్లాగా ఇవి. "అవి కూడా నిద్రపోతున్నాయా తాతయ్యా?" అన్నాడు. "అవును నాన్నా, అవి కాస్త ముందుగా నిద్రపోయాయి. వసంతం రాగానే చిగురిస్తాయి" అన్నాను, మరో ఆలోచన లేకుండా.

ఎలుగుబంటి, మిణుగురులు, ఊపిరితిత్తులు లేని జీవులు

కేడ్స్ కోవ్ అనే లోయలో 11 మైళ్ళ చుట్టుదారి ఉంది. అక్కడ అడవి కోళ్ళు, తెల్లతోక జింకలు కళ్ళనిండా కనిపించాయి. ఒక మలుపులో కార్లన్నీ ఆగిపోయాయి. ఓక్ చెట్టు కొమ్మల్లో నల్లటి ఎలుగుబంటి కూర్చుని కాయలు తింటోంది. ఈ ఉద్యానంలో సుమారు 1,900 నల్ల ఎలుగులు ఉన్నాయని అక్కడివారి అంచనా. 50 గజాలకంటే దగ్గరగా ఎవరూ పోకూడదని నిబంధన. శరత్కాలంలో ఓక్ కాయలు తిని ఒంట్లో కొవ్వు నిలవ చేసుకుని, చలికాలం చెట్టు తొర్రల్లోనో, రాతిచాటునో పడుకుంటాయి. పిల్లలు పుట్టేది కూడా ఆ నిద్రకాలంలోనే, జనవరి, ఫిబ్రవరి నెలల్లో. ఓక్ కాయలు బాగా కాయని ఏడాది ఎలుగులు ఊళ్ళమీద పడతాయి.

ఇక్కడి అసలు ధనం మాత్రం కంటికి ఆనని జీవులే. సలమాండర్ అని బల్లిలాగా కనిపించే ఒక జీవి ఉంది. బల్లికి కాదు, కప్పకు చుట్టం. ఈ ఒక్క ఉద్యానంలోనే 30 రకాలున్నాయి. వాటిలో చాలా వాటికి ఊపిరితిత్తులు లేవు. తడిగా ఉండే చర్మం గుండానే గాలి పీల్చుకుంటాయి. చర్మం ఆరిపోతే ప్రాణం పోతుంది. కాబట్టి వాటికి చల్లని వాగు, తడి ఆకుల నేల, వాటిమీద చెట్టు నీడ తప్పనిసరి. ఈ నీడ సంగతి మళ్ళీ వస్తుంది.

మే నెలాఖరు, జూన్ మొదటి వారాల్లో ఎల్క్‌మాంట్ అనే చోట మగ మిణుగురులు అన్నీ ఒక్కసారిగా వెలిగి, ఒక్కసారిగా ఆరిపోతాయట. ఎవరో దీపాల స్విచ్చి వేసి తీస్తున్నట్టు ఉంటుందని అమ్మాయి చెప్పింది. చూడాలనుకునేవారు ఎక్కువైపోయి లాటరీ తీసి పంపిస్తున్నారు.

పోయిన జంతువు తిరిగివచ్చిన కథ కూడా ఉంది. ఎల్క్ అనే పెద్ద దుప్పి ఈ కొండల్లో వేటవల్ల, అడవి నరకడంవల్ల రెండు వందల ఏళ్ళ క్రితమే కనుమరుగైంది. 2001లో 25, 2002లో 27 ఎల్క్‌లను వేరేచోటినుంచి తెచ్చి కటలూచీ లోయలో వదిలారు. అవి నిలదొక్కుకుని పిల్లలు పెట్టాయి.

మాస్టారి తప్పు

తిరుగుదారిలో షుగర్‌ల్యాండ్స్ అనే చోట ఉన్న సందర్శకుల కేంద్రంలో ఆగాం. అక్కడ ఒక రేంజరమ్మ పిల్లలకు ఆకులు చూపించి చెబుతోంది. మా మనవడు ఊరుకోకుండా, "మా తాతయ్య సైన్సు టీచరు. బూడిదరంగు చెట్లు వసంతంలో చిగురిస్తాయని చెప్పాడు" అన్నాడు.

ఆమె నావైపు చూసి నవ్వి, నన్ను నొప్పించకుండా, ఉన్నమాట చెప్పింది. ఆ మోళ్ళు ఆకురాలు చెట్లే కావు. హెమ్లాక్ అనే చెట్లు. ఆకులు సూదుల్లాగా ఉంటాయి, చలికాలంలోనూ రాలవు. ఏడాది పొడుగునా పచ్చగా ఉండవలసిన చెట్టు బూడిదరంగులో ఉందంటే నిద్రపోవడం కాదు, చచ్చిపోవడం.

చంపినది ఒక చిన్న పురుగు. మన బెండ, వంగ మొక్కలకు పట్టే పేనుబంకకు చుట్టం. హెమ్లాక్ సూదుల మొదట్లో అంటుకుని, ఒంటిచుట్టూ తెల్లని దూదిలాంటి పదార్థం అల్లుకుని, చెట్టులో నిలవ ఉన్న ఆహారాన్ని పీల్చేస్తుంది. జపాన్ నుంచి వచ్చింది. అమెరికా తూర్పు భాగంలో మొదట 1951లో వర్జీనియాలో కనబడింది. ఈ ఉద్యానంలో 2002లో బయటపడింది. నాలుగైదు వందల ఏళ్ళు బ్రతికే చెట్టును కొద్ది ఏళ్ళలో మోడు చేస్తుంది. జపాన్‌లో దాన్ని తినే పురుగులున్నాయి, అక్కడి హెమ్లాక్‌లకు దాన్ని తట్టుకునే శక్తి ఉంది. ఇక్కడ ఆ రెండూ లేవు.

వాగుల ఒడ్డున దట్టమైన నీడనిచ్చేది ఈ చెట్టే. అది పోతే వాగు వేడెక్కుతుంది. చల్లని నీటిలోనే బ్రతికే బ్రూక్ ట్రౌట్ చేపకూ, ఇందాక చెప్పిన సలమాండర్లకూ కష్టం. ఒక చెట్టు పోవడమంటే ఒక్క చెట్టు పోవడం కాదు.

మనవడు నన్ను చూసి, "నువ్వు తప్పు చెప్పావు తాతయ్యా" అన్నాడు. ఒప్పుకున్నాను. ముప్పై రెండేళ్ళ సర్వీసులో నా పాఠం తప్పని నా ముందే తేలడం అదే మొదటిసారి. అవమానంకంటే ఆ మోళ్ళు మళ్ళీ చిగురించవనే బాధే ఎక్కువగా తోచింది.

గొడ్డలికి బ్రతికిన అడవి

ఆమె చెప్పిన మరో సంగతి విన్నాక నాకు ఈ అడవి చరిత్ర అర్థమైంది. మేము చూసిన అందమంతా అనాదినుంచీ అలాగే ఉన్నది కాదు. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో కలప కంపెనీలు రైలు పట్టాలు వేసుకుని లోపలికి వచ్చి, ఈ కొండల్లో చాలా భాగం బోడి చేశాయి. మిగిలిన కొమ్మారెమ్మా అంటుకుని మంటలు, వాన పడితే మట్టి కొట్టుకుపోయి వరదలు.

ఆ అడవిని కాపాడాలని పోరాడినవారిలో ఇద్దరు స్నేహితుల పేర్లు చెప్పుకోవాలి. ఒకరు హోరెస్ కెఫార్ట్ అనే రచయిత. రెండోవారు జార్జ్ మాసా అనే ఫొటోగ్రాఫరు. మాసా జపాన్ నుంచి వలస వచ్చినవాడు. బరువైన కెమెరా భుజాన వేసుకుని ఈ కొండలెక్కి దిగి, తీసిన ఫొటోలతో ప్రజల మనసు మార్చాడు. అడవిని తినే పురుగు జపాన్‌నుంచే వచ్చింది, దాన్ని ప్రేమించిన మనిషీ అక్కడినుంచే వచ్చాడు. కాబట్టి తప్పు ఏ దేశానిదీ కాదు. పరాయి గడ్డమీద స్థిరపడి ఆ గడ్డకు సేవ చేసిన మాసా సంగతి, తరతరాలుగా బయటి రాష్ట్రాల్లో ఉంటున్న మనకు ఇట్టే అర్థమవుతుంది. కెఫార్ట్ 1931లో, మాసా 1933లో కన్నుమూశారు. ఉద్యానం ఏర్పడింది 1934లో. ఇద్దరూ చూడలేదు.

భూమి కొనడానికి రెండు రాష్ట్రాలూ డబ్బిచ్చాయి. రాక్‌ఫెల్లర్ కుటుంబం 50 లక్షల డాలర్లు ఇచ్చింది. బడిపిల్లలు చిల్లర డబ్బులు పోగుచేసి ఇచ్చారు. 1940 సెప్టెంబరులో అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ న్యూఫౌండ్ గ్యాప్ కనుమ దగ్గర దాన్ని జాతికి అంకితం చేశారు. ఈ మంచిపనికి మూల్యం చెల్లించినవారు కూడా ఉన్నారు. ఇక్కడ సేద్యం చేసుకునే వందల కుటుంబాలు ఇళ్ళు వదిలి పోవలసివచ్చింది. వాకర్ అనే ఇంటిపేరుగల అక్కచెల్లెళ్ళు మాత్రం కదలమని పట్టుబట్టి, బ్రతికినంతకాలం ఉండే హక్కు సాధించుకున్నారు. వారిలో చివరివారు 1964లో పోయేదాకా అక్కడే ఉన్నారు. అంతకు ముందు, 1838లో, ఈ నేల అసలు వారసులైన చెరోకీ ప్రజలలో అధికభాగాన్ని సైన్యం పెట్టి పడమటికి వెళ్ళగొట్టారు. తప్పించుకుని మిగిలినవారి సంతతి ఇప్పటికీ ఉద్యానం పక్కనే, చెరోకీ అనే ఊళ్ళో ఉంది.

నరకడం ఆపాక అడవి తిరిగి వచ్చింది. మట్టి కొంత మిగిలింది, నరకని కొండ మడతల్లో తల్లిచెట్లు మిగిలాయి, గాలీ పక్షులూ ఉడుతలూ విత్తనాలు చేరవేశాయి. తొంభై ఏళ్ళలో బోడికొండలు మళ్ళీ నీడనిచ్చే అడవి అయ్యాయి. గొడ్డలి పెట్టిన గాయాన్ని అడవి మాన్చుకోగలదు. అయితే ఒక చెట్టు మాత్రం తిరిగి రాలేదు.

తిరిగి రాని చెట్టు

దాని పేరు అమెరికన్ చెస్ట్‌నట్. ఒకప్పుడు ఈ కొండల్లో చాలాచోట్ల ప్రతి నాలుగు పెద్ద చెట్లలో ఒకటి అదే. జూన్ ప్రాంతంలో ఆలస్యంగా పూసేది కాబట్టి వసంతపు మంచుకు పూత మాడేది కాదు, ఏటా నమ్మకంగా కాసేది. ఓక్ ఒక ఏడు కాస్తే ఒక ఏడు కాయదు. కాబట్టి ఎలుగులకు, అడవి కోళ్ళకు, ఇక్కడి బీద కుటుంబాలకు కూడా చెస్ట్‌నట్టే దిక్కు. పిల్లలు కాయలేరి అమ్మి చెప్పులు కొనుక్కునేవారట. కలప చెదపట్టదు, ఉయ్యాలనుంచి శవపేటిక దాకా దానితోనే.

1904లో న్యూయార్కు జంతుప్రదర్శనశాలలో కొన్ని చెస్ట్‌నట్ చెట్లు ఎండిపోవడం కనిపించింది. ఆసియానుంచి తెచ్చుకున్న చెస్ట్‌నట్ మొక్కలతోపాటు ఒక శిలీంధ్రం వచ్చింది. బెరడులో చిన్న గాయం దొరికితే చాలు, లోపలికి దూరి చెట్టు చుట్టూ పాకి, ఆహారం దిగే దారి మూసేస్తుంది. గాలి, వాన, పక్షులు, పురుగులు దాన్ని మోసుకుపోయాయి. సుమారు 1950 నాటికి మూడు, నాలుగు వందల కోట్ల చెట్లు పోయాయని అంచనా. వాటిని తెచ్చినవారికి దురుద్దేశం ఏమీ లేదు. పెరట్లో ఒక మంచి చెట్టు ఉండాలనుకున్నారు, అంతే.

విచిత్రమేమంటే ఆ చెట్టు పూర్తిగా చావలేదు. నేలలోని సూక్ష్మజీవులు ఆ శిలీంధ్రాన్ని అడ్డుకుంటాయి కాబట్టి వేళ్ళు బ్రతికే ఉన్నాయి. ఏటా పిలకలు వేస్తుంది. రేంజరమ్మ చెప్పిన గుర్తుప్రకారం దారి పక్కన వెతికితే మాకూ ఒకటి దొరికింది. వేలెడు లావు, నా ఎత్తుకంటే కొంచెం ఎక్కువ. అంచున రంపపు పళ్ళున్న పొడుగాటి ఆకులు, పసుపు తిరిగి ఉన్నాయి. మరికొంత లావెక్కి బెరడు పగలగానే తెగులు పడుతుంది, చస్తుంది, మళ్ళీ పిలక వేస్తుంది. వందేళ్ళుగా ఇదే వరస. మా ఆవిడ దాన్ని చేత్తో తాకి, "పాపం, ఎదగనివ్వరు, చావనివ్వరు" అంది.

చేస్తున్నవి, చేయవలసినవి

చేతులు కట్టుకుని ఎవరూ కూర్చోలేదు. హెమ్లాక్‌లకు మొదట్లో మట్టిలో మందు పోసి, కాండంలోకి ఎక్కించి కాపాడుతున్నారు. కొన్నేళ్ళకొకసారి మళ్ళీ వెయ్యాలి, అడవినంతటినీ అలా చెయ్యడం సాధ్యం కాదు. అందుకే ఆ పురుగును తినే పెంకుపురుగులను పెంచి వదులుతున్నారు. తట్టుకునే శక్తిగల చైనా చెస్ట్‌నట్‌తో సంకరం చేసి, మళ్ళీ మళ్ళీ అమెరికన్ చెట్టుతో కలుపుతూ కొత్త మొక్కలకోసం నలభై ఏళ్ళుగా ప్రయత్నం సాగుతోంది. గోధుమనుంచి ఒక జన్యువు తెచ్చి చేర్చిన రకం మీద చాలా ఆశలు పెట్టుకున్నారు. అనుకున్న మొక్కకు బదులు మరో మొక్క పరీక్షల్లోకి చేరిందని తెలియడంతో 2023 చివర్లో అక్కడి చెస్ట్‌నట్ సంస్థ దానికి మద్దతు ఉపసంహరించుకుంది. పని ఆగలేదు గానీ దారి పొడుగైంది.

2012లో యాష్ చెట్లను తొలిచే పచ్చని పెంకుపురుగు కూడా ఈ అడవికి చేరింది. ఇటువంటివి ఎక్కువగా కట్టెల్లో దాగి ప్రయాణం చేస్తాయి. అందుకని 2015 నుంచి బయటి కట్టెలు తేవాలంటే వేడిచేసి శుద్ధి చేసినవని ముద్ర ఉండాలన్నారు.

వాతావరణం కూడా మారుతోంది. గడ్డకట్టే చలి హెమ్లాక్ పురుగును కొంత చంపేది. చలికాలాలు మెత్తబడినకొద్దీ అది ఉత్తరానికి పాకుతోంది. 2016 నవంబరులో, ఎండిపోయిన శరత్తులో, మనుషుల మూలంగా పుట్టిన మంట పెనుగాలికి గాట్లిన్‌బర్గ్ ఊరిమీద పడి 14 మంది చనిపోయారు. 2024 సెప్టెంబరులో హెలీన్ తుఫాను సముద్రానికి అంత దూరాన ఉన్న కొండల్లో కూడా రోడ్లు, వంతెనలు తుడిచిపెట్టింది. 2013 నాటి ఫైలిన్‌ను చూసిన మా బరంపురంవాళ్ళకు దానిగురించి వేరే చెప్పనక్కరలేదు.

మళ్ళీ కరివేపాకు దగ్గరికి

ఆ రాత్రి అమ్మాయి, అల్లుడు కరివేపాకు సంగతి విప్పి చెప్పారు. కరివేప నిమ్మ కుటుంబపు చెట్టు. నిమ్మ, నారింజలను ఎండబెట్టే ఒక తెగులును మోసే చిన్న పురుగుకు కరివేపంటే మహా ఇష్టం. ఆ తెగులు 2005లో ఫ్లోరిడాలో కనబడింది. తరువాతి ఇరవయ్యేళ్ళలో అక్కడి నారింజ దిగుబడి తొంభై శాతానికి పైగా పడిపోయింది. తుఫానులు కూడా తోడయ్యాయి గానీ ముఖ్య కారణం ఆ తెగులే. మా ఆవిడ తడిగుడ్డలో పురుగు ఉందో లేదో నాకు తెలియదు. ఆ అధికారికీ తెలియదు. తెలియకపోబట్టే తీసుకున్నాడు. 1904కి ముందు ఓడరేవులో ఎవరైనా అలా అడ్డుపడి ఉంటే ఆ కొండల్లో చెస్ట్‌నట్ ఇప్పటికీ నిలిచి ఉండేదేమో! "అయితే పోనీలెండి, మంచిపనే చేశాడు" అంది మా ఆవిడ. ఇక్కడి నర్సరీలో తనిఖీ చేసిన మొక్క దొరుకుతుందని అమ్మాయి చెప్పాక ఆవిడ మనసు కుదుటపడింది.

ఇది వాళ్ళ సమస్యే అనుకోవద్దు. 1950ల్లో పూణె దగ్గర కనబడిన వయ్యారిభామ కలుపు దేశమంతా పాకి, మన పిల్లలకు ఆయాసం, దద్దుర్లు తెస్తోంది. విదేశీ ధాన్యంతోపాటు వచ్చిందని చెబుతారు. 2016లో తమిళనాడులోని పొల్లాచ్చి దగ్గర కనబడ్డ సర్పిలాకార తెల్లదోమ గోదావరి జిల్లాల కొబ్బరిదాకా వచ్చింది. యానాంలో, కోనసీమలో తోటలున్న మన సభ్యులను అడిగితే చెబుతారు.

మన పత్రిక చదివే ఇళ్ళలో పిల్లలు విదేశాల్లో ఉన్నవారు తక్కువేమీ కాదు. ఒక రాష్ట్రంనుంచి మరో రాష్ట్రానికి చుట్టపుచూపుగా పోయి మొక్కలు తెచ్చుకోవడం మనకు అలవాటు. నా మనవి ఒక్కటే. ఊరగాయ పంపండి, గోంగూర కలిపే పద్ధతి రాసి పంపండి, భాష పంపండి. మట్టితో ఉన్న మొక్కను, పచ్చి ఆకును, తనిఖీ లేని విత్తనాన్ని పంపకండి. ఎక్కడ కట్టెలుంటే అక్కడే కాల్చుకోండి. తనిఖీ చేసే అధికారిమీద నాలాగా కోపగించుకోకండి.

2024 ఏప్రిల్‌లో మనవడు వీడియో కాల్ చేశాడు. మళ్ళీ అక్కడికే వెళ్ళారట. "తాతయ్యా, మేపుల్ అంతా చిగిర్చింది. తెల్లపూలు కూడా వచ్చాయి. ఆ బూడిద చెట్టు మాత్రం అలాగే ఉంది" అన్నాడు. ఒక్క క్షణం ఆగి, "కానీ మందు వేసిన హెమ్లాక్ ఒకటి చూశాం. అది పచ్చగా ఉంది" అన్నాడు.

పాత పెట్టెలో నా పాఠం నోట్సు ఇంకా ఉంది. ఫోను పెట్టేసి దాన్ని తీశాను. ఆ పేరా కింద ఒక వాక్యం చేర్చాను. ఆకు రాల్చిన చెట్టు దానంతట అదే చిగురిస్తుంది, తెగులు పట్టిన జాతిని మాత్రం మనుషులు కాపలా కాయాలి. ఇకమీద ఆ పాఠం చెప్పే మాస్టారు ఎవరైనా ఈ వాక్యం కూడా చెబితే, నా తప్పు కొంత దిద్దుకున్నట్టవుతుంది.